ఎర్ర అంచు మీద ముడులు

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు, బషీర్‌బాగ్‌లో మా ఆఫీసు మెట్లు దిగుతుండగా ఫోన్ వచ్చింది. లిఫ్టు కోసం నిలబడే ఓపిక నాకు ఏనాడూ లేదు, అందుకే మెట్లు. అవతల పెద్దమ్మ, మా ఉస్తాద్ భార్య. ఏడవడం లేదు. "బిడ్డా, మీ ఉస్తాద్ పానం పోయింది. చాయ్ అడిగిండు. నేను తెచ్చేలోపల్నే..." అని ఆగి, "నువ్వు ఉరుక్కుంట రాకు, నిమ్మళంగ రా" అంది. భర్త పోయిన గంటలో కూడా నన్ను నిమ్మళంగా రమ్మని చెప్పాల్సి వచ్చిందంటే, ఆ ఇంట్లో నాకెంత మంచి పేరుందో చూడండి.

నిమ్మళంగా ఏం వెళ్తాను! ఆటో అబిడ్స్‌లో సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోతే దిగేసి నడిచాను. నడిచాననుకున్నాను గానీ చెప్పుల దుకాణం ముందు ఒకాయన "మెల్లగా అమ్మా" అన్నాక తెలిసింది, పరుగెత్తుతున్నానని. ఎందుకో తెలియదు. పోయిన మనిషి ఎక్కడికీ పోడు కదా.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆ ఇంటికి చేరేసరికి ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. నేను ముఖం చూడలేదు. ముందు చేతులు చూశాను. మందమైన బట్టలోకి సూది తోసీ తోసీ అరచేతిలో కట్టిన కాయ అలాగే ఉంది. ఆ చేతులు మడిచి ఇచ్చిన ఆఖరి సంచి అప్పటికి మూడు వారాలుగా కాచిగూడలో మా ఇంట్లో, నా మంచం పక్కన ఉంది. విప్పలేదు. ఆ తర్వాత ఇంకో మూడు వారాలు కూడా విప్పలేదు. దాన్ని విప్పాలా వద్దా అన్నదే ఈ రోజుల్లో నన్ను తినేసిన సంగతి. అది చెప్పాలంటే ముందు మనిషి గురించి చెప్పాలి.

ఆయన పేరు రాయను. నేనెప్పుడూ పేరుతో పిలవలేదు, ఎవరూ పిలవగా వినలేదు. ఆయన దుకాణమున్న మేడలో కింది లామినేషన్ షాపు వాళ్ళకీ, ఊరి నడుమ సాగర్ చెరువులో పడవలు నడిపే మాకూ ఆయన ఉస్తాదే. పాలమూరు మనిషి. వాన కోసం మెడలు నొప్పెట్టేలా ఆకాశం చూసే ఊళ్ళో పుట్టారు. పద్దెనిమిదేళ్ళకు మేస్త్రీ వెంట బొంబాయి వలస వెళ్ళారు. సముద్రం ఒడ్డున తెరచాపలు కుట్టే షెడ్డుకు గోడ కట్టే పని. "గోడ అయిపోయినంక అందరు బయటికొచ్చిన్రు, నేను లోపల్నే ఉండిపోయిన" అని చెప్పి నవ్వేవారు. ఊడ్చే పనితో మొదలుపెట్టి కుట్టే పనికి వచ్చారు. ఆ తర్వాత పడవల మీద మనిషి తక్కువైనప్పుడల్లా గోవాకూ కొచ్చికీ వెళ్ళొచ్చారు. పెద్దమ్మ మాత్రం బొంబాయిలో ఉండనంది. "నీళ్ళ కోసం లైన్ల నిలవడుడు ఊర్లె లేదా, గాడికి పోయి నిలవడాల్నా?" అందట. అలా నాంపల్లికి వచ్చి, స్టేషన్ వెనక సందులో ఇల్లు, దాని పక్క మేడలో రెండో అంతస్తున పొడుగాటి వరండా ఉన్న ఒక గది దుకాణానికి కిరాయికి తీసుకున్నారు.

బోర్డు మీద టార్పాలిన్, రెగ్జిన్, షామియానా అని ఉండేది. తెరచాపలని లేదు. అడిగితే, "రాస్తే చూసినోళ్ళు నవ్వరా బిడ్డా? నాంపల్లిల సముద్రమేడిది?" అన్నారు.

నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది సాగర్‌లో నేర్చుకునే చిన్న పడవ తెరచాప చిరిగిపోతే. గాలి బాగా వచ్చిందండీ, చిరిగిపోయింది అన్నాను. ఆయన చిరుగును వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు తడిమి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, "ఇది గాలి చింపలే. నీ తొందర చింపింది" అన్నారు. ఎలా తెలిసిందో నాకు అంతుపట్టలేదు. నిజమే మరి. కిందికి దించేటప్పుడు ఎక్కడో పట్టుకుంటే చెయ్యి బిగించి లాగాను. "చిక్కుకున్నదాన్ని గుంజొద్దు బిడ్డా. ఏడ చిక్కినవమ్మా అని అడగాలె." అడిగితే చెబుతుందా అన్నాను వెటకారంగా. "చేతికి చెప్తది. నీ చెయ్యి ఇంటే గద!"

అలా మొదలైంది. ఆ తర్వాత సాగర్‌లో పరిచయమైన మేం నలుగురం కలిసి గోవాలో ఒక పాత పడవ కొన్నాం. సముద్రం మీద రోజుల తరబడి వెళ్ళగలిగే పడవ, లోపల పడుకోవడానికి చోటు, వండుకోవడానికి పొయ్యి ఉన్నది. దానితోపాటు ఒక లావుపాటి సంచి వచ్చింది. అందులో ఏముందో నలుగురికీ తెలుసు, విప్పే ధైర్యం ఎవరికీ లేదు. నేను దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని నాంపల్లి తెచ్చాను.

పడవల సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. గాలి పక్క నుంచి వస్తే మామూలు తెరచాపలు చాలు. వెనక నుంచి వస్తే అవి సరిపోవు, పడవ ఈడుస్తూ నడుస్తుంది. అప్పుడు పడవ ముక్కుకు ముందు ఒక పెద్ద పల్చని నైలాన్ తెర ఎత్తుతారు. దాన్ని స్పిన్నకర్ అంటారు. పరిస్తే మా ఇంట్లో రెండు గదులూ వంటిల్లూ కలిపి కప్పేస్తుంది, మడిస్తే దిండంత సంచిలో పడుతుంది. దానికి ఒక పక్క ఎర్ర అంచు, ఇంకో పక్క పచ్చ అంచు ఉంటాయి, ఏ పక్క ఏదో తెలియడానికి. ఉస్తాద్ దాన్ని గుబ్బార అనేవారు. నిండితే నిజంగా బుడగలాగే ఉంటుంది, ఎగిరిపోతానంటుంది.

"ఎత్తుడు ఎవనికైన వస్తది," అన్నారు మొదటి ఆదివారమే. "దించుడు రానోడు ఎత్తొద్దు." అందుకని ముందు దించడం నేర్పారు. సముద్రం లేదు, పడవ లేదు. మేడ మెట్ల మధ్య ఖాళీ ఉంది కదా, మూడో అంతస్తు కటకటాలకు కప్పీ కట్టి, తాడు వేసి గుబ్బారను ఆ ఖాళీలో వేలాడదీశారు. నేను మెట్ల మలుపులో, కుట్టు బల్ల కింద కూర్చోవాలి. బల్ల అంటే పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర అనుకోవాలి. దాని కింద నుంచి బట్టను చేతులు మార్చుకుంటూ గబగబా లోపలికి లాక్కోవాలి. పైన తాడు ఆయన చేతిలో. నేనెంత లాక్కుంటే ఆయనంత వదులుతారు. నేను తడబడితే బట్ట మెట్ల మీద పడేది. "పడ్డది! సముద్రంల పడ్డది! ఇగ పడవ దాన్ని తొక్కుతది!" అని మూడో అంతస్తు నుంచి అరిచేవారు. ఆదివారం కనుక దుకాణాలు మూసి ఉండేవి. వాచ్‌మన్ ఒక్కడే కిందినుంచి "ఉస్తాద్, ఈసారి కూడా మునిగిందా?" అని అడిగేవాడు. ఎన్నిసార్లు మునిగానో చెప్పను. సిగ్గు.

ఆయనకు ఎక్కువ ఇష్టం మడవడం. వరండా తడిగుడ్డతో రెండుసార్లు తుడిపించేవారు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఉస్మానియా బిస్కెట్ తిన్న చేత్తో ముట్టుకున్నానని ఒకరోజు బట్ట నా చేతిలోంచి లాగేసుకుని గంటసేపు మాట్లాడలేదు. నెత్తి, అంటే తెర పై మూల దగ్గర మొదలుపెట్టి ఎర్ర అంచు కుడిచేతిలో, పచ్చ అంచు ఎడమచేతిలో, రెండూ మెలిపడకుండా పక్కపక్కనే పట్టుకుంటూ కిందిదాకా రావాలి. బారెడు బారెడుకు బట్టను తాడులా చుట్టి దారం కట్టాలి. అలా కట్టి ఎత్తితే పొడుగ్గా, సన్నగా పైకి వెళ్తుంది. గాలి పట్టదు, మనిషిని ఈడ్చదు. పైకి చేరాక కింది మూలన తాడు గుంజితే దారాలు ఒక్కొక్కటే ఫట్ ఫట్ మని తెగి గుబ్బార విచ్చుకుంటుంది.

ఆ దారం ఏమిటో తెలుసా? పూలదారం. దర్గా దగ్గర పూలవాళ్ళ నుంచి తెచ్చేవారు, మల్లెలు కట్టే నూలు దారం. బొంబాయిలో ఊలు వాడేవాళ్ళట. నాంపల్లిలో ఊలెక్కడిది, పూలదారం దొరికింది. "పువ్వు జారకుండ పట్టుకోవాలె, గుంజితే తెగాలె. దీనికన్న మంచి దారం ఏడ దొరుకుతది?" అనేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళమందరం పడవలోకి పూలదారం ఉండతో ఎక్కుతాం. గోవాలో మమ్మల్ని చూసి నవ్వుతారు, మల్లెలు తెచ్చారా అని.

నేను తప్పు చేసింది ఆ దారం దగ్గరే.

నిరుటి గోవా ప్రయాణానికి ముందురోజు ఉండ అయిపోయిందని గుర్తొచ్చింది. ఆఫీసు నుంచి వస్తూ అబిడ్స్‌లో పూలబండి ఆవిడ దగ్గర ఆగి, "పూలదారం ఉండ ఒకటి ఇవ్వు" అన్నాను. ఇచ్చింది. సంచిలో వేసుకుని పరుగు. ఉస్తాద్ అయితే ప్రతి ఉండనూ కొనేముందు చెవి దగ్గర పెట్టి ఒక మూర తెంపేవారు. "ఫట్ అనాలె. అనకుంటె అది పూలకు పనికొస్తది, మనకు కాదు." నేను తెంపి చూడలేదు. ఈ మధ్య పూలవాళ్ళు నూలుదారం మానేసి టెరిలిన్‌ది వాడుతున్నారని నాకేం తెలుసు? చూడటానికి అంతా ఒక్కటే!

సముద్రం మీద మధ్యాహ్నం వెనక గాలి వచ్చింది. ఎత్తాం. తాడు గుంజాను. పైన రెండు దారాలు, కింద మూడు తెగాయి. నడుమవి తెగలేదు. పైన ఒక బుడగ, కింద ఒక బుడగ, మధ్యలో బిగుసుకుపోయి గుబ్బార కాస్తా డమరుకమైంది. ఇంకా గట్టిగా గుంజాను. నా బుద్ధి అదే కదా. పడవ ఒక పక్కకు పడిపోయింది, లోపల గిన్నెలన్నీ దొర్లాయి, మా పడవ పెద్ద, రిటైర్డ్ లెక్చరర్, చుక్కాని పట్టుకుని నా మీద అరవడం మొదలుపెట్టారు. అప్పుడు మెట్ల మీది అరుపు గుర్తొచ్చింది. పడవ వీపు ఇంకాస్త గాలికి తిప్పమన్నాను. గుబ్బార పెద్ద తెరచాప వెనక నీడలో పడింది, గాలి చచ్చిపోయింది. ఒక మూల వదిలేసి, అడ్డకర్ర కింద నుంచి చేతులు మార్చుకుంటూ లాక్కున్నాను. నీళ్ళలో పడలేదు. 

తిరిగొచ్చాక చెప్పడానికి వారం పట్టింది. ఆయన తిట్టలేదు. మిగిలిన ఉండ తెమ్మని, చెవి దగ్గర పెట్టి గుంజారు. తెగలేదు. వేలికి చారిక పడింది. "నాకు తెల్వద్దా బిడ్డా ఈ దారం మారిందని? నెల సంది నూలుది దొరుకుతలేదు. నీకు చెప్పుడు మరిచిన. తప్పు నాది గూడ." ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత ఆయన పెట్టిన నియమం ఇది: "ఇప్పటిసంది ఎవరు ఎత్తుతరో వాళ్ళే మడవాలె. ఇంకొకరు మడిచింది నమ్మొద్దు. నేను మడిచింది గూడ."

నాకు ఆ ఆఖరి మాట చాదస్తంగా అనిపించింది. ఆయన మడతలో తప్పు ఎక్కడుంటుంది?

పోయిన ఎండాకాలం నుంచి ఆయన ఒక కొత్త పని పెట్టుకున్నారు. ఎర్ర అంచు మీద జానెడు జానెడుకు చిన్న చిన్న ముడులు కుట్టడం. జొన్నగింజంత ముడి, వేలికి తగిలేలా. ఎందుకు ఉస్తాద్ అంటే, "సముద్రం మీద చీకటైతే పనికొస్తయి. కండ్లతోటి ఏం పని, చేతికి తెలుస్తది" అన్నారు. నెత్తి దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తున్నారు. గంటకు నాలుగైదు ముడులు. నాకు చూస్తుంటేనే ఒళ్ళు మండేది. కాలు ఊపుతూ కూర్చునేదాన్ని. "నేనూ ఒక సూది తీసుకోనా, రెండు పక్కల నుంచి కుడితే త్వరగా అవుతుంది" అన్నాను ఒకసారి. "నువ్వు కూసుంటవా? కూసుంటె సూది ఇస్త" అన్నారు. కూర్చోలేదు. ఆ వేళ నాకు ఏదో పని ఉంది. ఏం పనో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ఆ రోజుల్లోనే మడవడం మొదలుపెట్టేముందు "జర ఎర్ర అంచు నా చేతిల పెట్టు బిడ్డా" అనడం అలవాటైంది. ముసలితనం, వంగలేక అడుగుతున్నారనుకుని పెట్టేదాన్ని.

ఆఖరిసారి చూసింది ఒక సాయంత్రం. మా ప్రయాణం ఖాయమైంది, గోవా నుంచి కొచ్చి. చలికాలంలో ఆ తీరం వెంట మధ్యాహ్నాలు గాలి వెనక నుంచే వస్తుంది, గుబ్బార లేకుండా కుదరదు. చిన్న కన్నం పడితే బాగుచేయించడానికి ఇచ్చాను. ఆయనే మడిచి, సంచిలో పెట్టి, మూడు మూలలూ పైకి తీసి కట్టి సిద్ధంగా ఉంచారు. మెట్ల మీదే అందుకున్నాను. లోపలికి రాలేదు, కింద ఆటో ఆగి ఉంది. పెద్దమ్మ చాయ్ పెడతానంది, వద్దన్నాను.

"ఇంటికి పోయినంక విప్పి చూసుకో," అన్నారు.

"మీరు మడిచాక నేను చూసేదేముంది ఉస్తాద్!"

"చూసుకో అంటున్న గద!" గొంతు లేచింది. మెట్ల మలుపు నుంచి తిరిగి చూశాను. కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నా వైపు కాదు, నా పక్కన గోడ వైపు చూస్తున్నారు. ఆటో హారన్ కొట్టింది. దిగిపోయాను.

మూడు వారాల తర్వాత, ఆ మంగళవారం ఫోన్.

పోయినవాళ్ళ వస్తువులు దాచుకునేవాళ్ళు ఉంటారు. కళ్ళద్దాలో, చేతికర్రో. నా దగ్గర ఉన్నది ఒక మడత. విప్పితే పోతుంది. బట్ట ఉంటుంది, మడత పోతుంది. ఆ దారపు ముడి ఒక్కొక్కటీ ఆయన వేళ్ళు వేసింది. అది తెంపేదాన్నా? పడవ మీద అయితే సముద్రంలో ఎత్తి, ఒక్క గుంజుకు అన్నీ ఫట్ ఫట్ మని తెంపేయొచ్చు, అది ఆయనకు నచ్చే పద్ధతే అని నాకు నేనే చెప్పుకున్నాను. పడవ పెద్ద ఫోన్ చేసి, "గుబ్బార నీ బాధ్యత, సిద్ధమేనా?" అంటే, "ఉస్తాద్ మడిచిందే సార్, ఇంకేం కావాలి" అన్నాను. పెట్టేశాక ఇల్లంతా తిరిగాను. వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి బాల్కనీలోకి. మా అమ్మ చూసి చూసి, "ఆ మూటలో పిల్లి ఉందా ఏమిటే, దాని చుట్టూ అలా తిరుగుతావు? తీసి పక్కన పెట్టనా?" అంది. ముట్టుకోవద్దని కసిరాను.

ఆయన నియమం ఒక పక్క. ఆయన మడత ఒక పక్క. రెండూ ఆయనవే, ఏది వినాలి?

పోయిన ఆదివారం ఇక ఉండలేకపోయాను. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని నాంపల్లి వెళ్ళాను. పెద్దమ్మ తాళం తెచ్చి గది తీసింది. వరండా తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను. పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని చూస్తోంది.

నెత్తి దగ్గర మొదలుపెట్టాను. ఒక దారం తెంపాను. ఫట్ అంది. నూలుదే, ఎక్కడ సంపాదించారో. మడతలో ఎర్ర అంచు, పచ్చ అంచు పక్కపక్కనే, మెలి లేకుండా. ఇంకోటి తెంపాను. అంతే శుభ్రంగా ఉంది. ఎర్ర అంచు వెంట వేలు పోనిస్తుంటే ముడులు తగులుతున్నాయి, జానెడుకొకటి. ఎంత బాగా మడిచారో, దీన్ని ఎందుకు విప్పుతున్నానో అని నా మీద నాకే రోత పుట్టింది. సగం దాటాను. వేలికి ముడి తగల్లేదు. వెనక్కి వెళ్ళి చూశాను. ముడులు అక్కడితో ఆగిపోయాయి. ఆఖరి ముడిలో దారం కొస కత్తిరించకుండా వేలాడుతోంది. సరే, కుట్టడం పూర్తి కాలేదు అనుకుని కింది దారం తెంపాను.

ఎర్ర అంచు పచ్చ అంచు మీద నుంచి ఒక చుట్టు తిరిగి అవతలికి వెళ్ళిపోయింది.

ఇంకోటి తెంపాను. అక్కడ ఇంకో చుట్టు.  అది అలాగే ఎత్తి ఉంటే నడుమ మెలి బిగుసుకుని మళ్ళీ డమరుకమే. ఈసారి దారాలన్నీ తెగినా బట్టే మెలిపడి ఉంది కాబట్టి ఎంత గుంజినా విడిపోదు. నేనైతే గుంజుతాను. పడవలో నలుగురం.

"పెద్దమ్మా," అన్నాను. "ఆయనకు కనబడేది కాదా?"

పెద్దమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎండకాలం సందే. షుగర్ కండ్లకు పాకిందని దవాఖానల చెప్పిన్రు. ఎరుపు, పచ్చ రెండు ఒక్క తీరుగనే కనిపిస్తున్నయని అన్నడు. నీకు చెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్నడు. చెప్తే ఆగమైతది, ఇగ ఆదివారం నేర్చుకోనికి రాదు అన్నడు." చెంగు ఒళ్ళో వేసుకుని, "ముడులేసినకాడికి చేతికి తెలుస్తున్నది, ఆ తర్వాత తెలుస్తలేదు, బిడ్డ చూసుకుంటదిలే అన్నడు" అంది.

నాకు కోపం వచ్చింది. పోయినవాళ్ళ మీద కోపం రాకూడదంటారు. వచ్చింది, ఏం చేయను! బల్ల మీద చెయ్యి గట్టిగా కొట్టాను. చెప్పొచ్చు కదా? ఎర్ర అంచు కిందిదాకా నేనే చేతికి అందించేదాన్ని కదా? సముద్రం మీద చీకటి కోసమట! ఆ ముడులు ఏ సముద్రం కోసమూ కాదు. నేను రాని ఆదివారాలు కూడా మడవడానికి, ఆయన తన కోసం కుట్టుకున్నవి. సూది ఇస్తా, కూర్చుంటావా అని అడిగింది కూడా అందుకేనేమో. నేను కూర్చుని ఉంటే కిందిదాకా అయిపోయేవి. ఆ సాయంత్రం లోపలికి వచ్చి చాయ్ తాగి ఉంటే, గోడ వైపు ఎందుకు చూస్తున్నారో కనిపెట్టేదాన్ని. చెప్పలేకే గొంతు లేచిందని తెలిసేది. అరవడం కాదు అది, బతిమాలడం.

ఏడ్చాను. పెద్దమ్మ ఆపలేదు. నా ఏడుపు అయ్యాక లేచి వెళ్ళి, మిషన్ సొరుగులోంచి ఆయన సూది, ఎర్ర దారం ఉండ, అరచేతికి వేసుకునే తోలు పట్టా తెచ్చి నా ముందు పెట్టింది. పట్టా నాకు వదులైంది. గుడ్డ ముక్క దూర్చి బిగించుకున్నాను.

గుబ్బారను వరండా పొడుగునా పరిచి, ఆఖరి ముడి దగ్గర కూర్చున్నాను. వేలాడుతున్న దారం కొస కత్తిరించలేదు. అక్కడి నుంచే జానెడు కొలిచి మొదటి ముడి వేశాను. లావుగా వచ్చింది, విప్పి మళ్ళీ వేశాను. కింద స్టేషన్‌లో బండి ఏదో వచ్చిన చప్పుడు, ఆటోల అరుపులు, మనుషులు ఎటో పోతున్నారు. నా కాలు రెండుమూడుసార్లు ఊగింది, ఊగనివ్వలేదు. పెద్దమ్మ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తెచ్చి, "చల్లారుతున్నది, జల్ది తాగు" అంది.

"ఆగు పెద్దమ్మా. చేతులకు బిస్కెట్ జిడ్డు అవుతుంది," అన్నాను.

ఆవిడ నా వైపు చూసి, గ్లాసూ బిస్కెటూ దూరంగా కిటికీలో పెట్టి, పక్కన కూర్చుంది.

పొద్దు వాలేవేళకు కింది మూలకు చేరాను. లేచి నెత్తి దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, ఎర్ర అంచు కుడిచేతిలోకి తీసుకున్నాను. పచ్చది ఎడమచేతిలోకి. మడవడం మొదలుపెట్టాను. వేళ్ళ కింద నుంచి ముడులు ఒక్కొక్కటే పోతున్నాయి, సన్నగా, గట్టిగా, జానెడుకు జానెడు, ఎక్కడా తడబాటు లేకుండా. అలా పోయి పోయి ఒకచోట దారం కొస వేలికి గిలిగింత పెట్టింది. దాని తర్వాత వంకర టింకరగా నావి.